నీలం రంగు మీద డేరా

ఇక్పిక్, బాఫిన్ దీవి
ఏప్రిల్ నెల

నాన్నా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాల గోల ఏమిటని మళ్ళీ అడగకు. ఫోన్లో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకో పని చేసుకుంటావు. కాగితం దగ్గర నీ పప్పులు ఉడకవు. పైగా మా ఇంట్లో ఫోన్ మోగితే చాలు, పక్కింటి ఐపిలీ గోడకి చెవి ఆనిస్తాడు. మర్నాటికి నీ జలుబు సంగతి కూడా ఊరంతా తెలిసిపోతుంది.

మాంట్రియల్‌లో చెట్లు చిగురు పట్టాయని రాశావు. సంతోషం. నేనిక్కడ బరమా భుజాన వేసుకుని సముద్రానికి కన్నాలు పెడుతున్నాను. మన ఒడ్డు నుంచి ఎదుటి దీవి దాకా, గడ్డకట్టిన అఖాతం మీద వరసగా కన్నాలు. ప్రతి కన్నంలోకి కొక్కెం కట్టిన కర్ర దించి మంచు మందం చూడడం, దారానికి థర్మామీటర్ కట్టి కింది నీళ్ళు ఎంత వేడెక్కాయో చూడడం, వచ్చి కోఆప్ దుకాణం తలుపు మీద అట్టముక్కకి ఎక్కించడం. వేటకి వెళ్ళేవాడెవడైనా ఆ తలుపు చూశాకే బండి తీస్తాడు. వేటగాళ్ళ సంఘం ఈ పని నాకు అప్పగించినప్పుడు "ఈ వయసులోనా?" అని మూతి విరిచినవాళ్ళున్నారు. వాళ్ళే ఇప్పుడు పొద్దున్నే నా గుమ్మంలో నిలబడి "అక్కా, ఎంతుంది?" అంటున్నారు.

ఉన్నమాట చెబుతాను విను. నేను ఇంత పిల్లగా నీ వెనక కుక్కబండి మీద కూర్చుని తిరిగిన రోజుల్లో, ఈ నెలలో మంచు నిలువెత్తు మనిషిని మించి ఉండేది. ఇప్పుడు నా గుండెల దాకా వస్తోంది. నేనేమీ పొడుగెదగలేదు. ఇవన్నీ నీకు గుర్తుండాలి. నీకు పోయిన మా నాన్న పేరు పెట్టిన రోజునే, మన ఆచారం ప్రకారం, నువ్వు నాకు నాన్నవైపోయావు, మేనకోడలివన్నది ఆ తరవాతి సంగతి. గుర్తులేకపోతే చెప్పు, గుర్తు చేయడానికి నేనున్నాను.

ఇంకో మాట. రాగి గని కంపెనీ వాళ్ళు ఊరి హాల్లో మీటింగు పెట్టారు. ఈ ఏడు తమ సరుకు ఓడని తొందరగా తెస్తారట. మేం గోల చేశాం. చివరికి ఒప్పందం రాసుకున్నాం: అఖాతం మధ్యలో మంచు మోకాలి మందం కన్నా తగ్గేదాకా ఓడ లోపలికి రాకూడదు. తగ్గిందో లేదో ఎవరు చెప్పాలి? మంచు పటం చెబుతుందన్నారు. ఆ పటం గీసేది మీ ఆఫీసే కదా! ఆ మాట వినగానే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

జోనాసీ పెళ్ళాం పిల్లలతో మే నెలలో ఎదుటి దీవికి వెళ్తున్నాడు. ఇంకో నాలుగు కుటుంబాలు కూడా. కొమ్ముతిమింగలాలు వచ్చేదాకా ఉండి, చలికాలానికి సరిపడా మాంసం పట్టుకుని, మంచు మీదే తిరిగొస్తారు. ఓడ ముందే వచ్చి మంచుని చీల్చిందా, నా కొడుకు అక్కడే చిక్కుకుపోతాడు. విరిగిన ముక్కల మధ్య బండీ నడవదు, పడవా నడవదు. కాబట్టి కళ్ళు పెద్దవి చేసుకుని గీయి.

నీ కూతురు,
నివియాక్


మాంట్రియల్
మే నెల

నా బుజ్జి కూతురికి,

నీ ఉత్తరం ఆఫీసుకే వచ్చింది. "ఎవరు రాశారు?" అని పక్క టేబుల్ అమ్మాయి అడిగితే "మా అమ్మాయి" అన్నాను అలవాటుగా. ఫోటో చూపించమంది. చూపించాను. బరమా పట్టుకుని, పళ్ళు లేని నోటితో నవ్వుతూ నువ్వు. ఆ పిల్ల నా వంక, ఫోటో వంక చూసి కాఫీకి వెళ్ళిపోయింది. ఇప్పటికీ నాతో కాస్త జాగ్రత్తగా మాట్లాడుతోంది.

ఓడ గురించి బెంగ పెట్టుకోకు. ఇక్కడ పటం అంటే ఎవరో కిటికీలోంచి చూసి గీసేది కాదు. ఉపగ్రహం రోజూ మన నెత్తి మీదుగా వెళ్తుంది. మబ్బు పట్టినా, పొగమంచు కమ్మినా దానికి అడ్డు లేదు. మందంగా ఉన్నచోట తెలుపు, మోకాలి కన్నా పలచబడితే పసుపు, మంచు లేకపోతే నీలం. బాఫిన్ తీరమంతా నా టేబుల్ మీదే ఉంటుంది. ఇక్పిక్ ముందు అఖాతం మీదికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది.

నువ్వు పంపిన కొలతలు నా టేబుల్ పైన గోడకి గుచ్చి పెట్టుకున్నాను. మా పెద్దాయన గాన్యో చూసి "ముచ్చటగా ఉన్నాయి" అన్నాడు. నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. కోపం వస్తే నీ ఉత్తరం ఇంకా బాగుంటుంది.

నా సంగతులేముంది. జులైలో ఉద్యోగం ఖాయం చేస్తారో లేదో తేలుతుంది. అందాకా నోరు అదుపులో పెట్టుకోవాలి. మన ఇంటి నోరు కదా, కష్టంగానే ఉంది. జోనాసీ పిల్లల్ని ముద్దాడానని చెప్పు. నువ్వు భుజానికి సీల్ కొవ్వు రాసుకో.

మీ నాన్న,
టాకోలిక్


ఇక్పిక్ ఎదుట, సముద్రం మీద
జూన్ సగం

నాన్నా,

ఈ ఉత్తరం నీ నీలం రంగు మీద కూర్చుని రాస్తున్నాను.

నిన్న కోఆప్ మేనేజరు మీ పటం తెచ్చి నా అట్టముక్క పక్కన అంటించాడు. అఖాతమంతా నీలం! ఈ చివర నుంచి ఆ చివర దాకా మంచు లేదట, అంతా సముద్రమేనట. తలుపు దగ్గర జనం నవ్వలేక చచ్చారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడే ఆ దారినే బండి నడుపుకుని వచ్చాను. పైన కరిగిన నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి, నిజమే. ప్రతి జూన్‌లోనూ ఉంటాయి. ఆ నీళ్ళ కింద మంచు నా నడుము మందం ఉంది. రాయిలా ఉంది. ఐపిలీ నీళ్ళు చిమ్ముకుంటూ బండి నడిపి, "చర్చిలో పాస్టరు నీళ్ళ మీద నడిచినాయన సంగతి చెబితే ఇన్నాళ్ళూ నోరు తెరుచుకుని విన్నాను. ఇదేం పెద్ద విద్యే, నా బండి కూడా నడుస్తోంది" అన్నాడు.

నవ్వుతాల సంగతి అక్కడితో సరి. పటం నీలం కాగానే ఓడ బయల్దేరింది. మంచు అంచు దాకా వచ్చేస్తుందట. అక్కడి నుంచి లోపలికి చీల్చుకుంటూ వస్తుంది. ఒప్పందం ప్రకారం తప్పు వాళ్ళది కాదు, పటం అలా చెప్పింది మరి! జోనాసీ అవతల ఉన్నాడు. తిమింగలాలు ఇంకా రాలేదు, ఖాళీ చేతులతో రమ్మని ఎలా చెప్పను?

అందుకే డేరా తెచ్చి అఖాతం మధ్యలో వేశాను. ఓడ రావలసిన దారికి సరిగ్గా అడ్డంగా. నీలం రంగులో మునిగి చచ్చానో, బతికున్నానో వచ్చి చూసుకోమను. ఐపిలీ కూడా తన డేరా తెచ్చాడు, నాకు తోడని పేరు, నా రొట్టె కోసమని నిజం.

నువ్వు గీశావా అది? నీ చేత్తోనే గీశావా? అదొక్కటి చెప్పు.

నివియాక్


మాంట్రియల్
జూన్ చివరివారం

అత్తయ్యా,

ఊరి ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాను. "మాట్లాడను, ఉత్తరం రాయమను" అన్నావట. డేరాలో రేడియో ఉందట కానీ అందులో మాట్లాడితే ఓడవాళ్ళతో సహా అందరూ వింటారట. సరే, ఉత్తరమే. విమానం పొగమంచులో చిక్కుకోకుండా నీకు చేరితే చాలు.

గీసింది నేనే.

ఉపగ్రహానికి మబ్బు అడ్డం కాదన్నాను కదా, పైన నిలిచిన నీళ్ళు అడ్డం. నీళ్ళు కనిపిస్తే సముద్రం అనుకుంటుంది, కింద మంచు ఉందో లేదో దానికి తెలియదు. ఇది మాకు చదువులో చెప్పిన సంగతే. అందుకే అఖాతం మీద ప్రశ్నార్థకం పెట్టాను. గాన్యో వచ్చి చూసి "మనం ప్రశ్నలు అమ్మం టాకోలిక్, జవాబులు అమ్ముతాం" అన్నాడు. గోడ మీద నీ కొలతలు చూపించాను. "ఒప్పందంలో పటం అని ఉంది, అట్టముక్క అని లేదు" అన్నాడు. ప్రశ్నార్థకం తుడిచేశాను. జులై గుర్తొచ్చి తుడిచేశాను. అంతే, ఇందులో దాచేదేమీ లేదు.

నీ ఉత్తరం వచ్చాక మళ్ళీ వెళ్ళి అడిగాను. పటం మార్చాలంటే కొత్తగా ఉపగ్రహం బొమ్మ రావాలన్నాడు. కొత్త బొమ్మలోనూ నీళ్ళే కనిపిస్తాయి. వాదించాను. వింటున్నట్టే తల ఊపి తలుపు వేసుకున్నాడు.

అత్తయ్యా, దయచేసి ఒడ్డుకి రా. అంత పెద్ద ఓడ. పొగమంచులో డేరా కనిపిస్తుందా? నీకేమైనా అయితే నేను గీసిన రంగు వల్ల అయినట్టు. నాకు నిద్ర పట్టడం లేదు. నీ పట్టుదల నాకు తెలుసు, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఒక్కసారికి వదిలెయ్. నేనిక్కడ ఏదో ఒకటి చేస్తాను.

నీ మేనకోడలు,
టాకోలిక్


సముద్రం మీద, అదే చోట
జులై మొదట్లో

నాన్నా,

భయం వేయగానే మేనకోడలివైపోయావే! అత్తయ్యా అట, కాళ్ళు పట్టుకుంటుందట. మా నాన్న ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. ఇంకోసారి ఇలా రాశావంటే ఉత్తరం చింపి పొయ్యిలో పడేస్తాను.

తుడిచేశానని దాచకుండా రాశావు, అది బాగుంది. దాని మీద కోప్పడేది తీరిగ్గా తరవాత కోప్పడతాను. ఇప్పుడు తీరిక లేదు, ఇంటినిండా చుట్టాలు.

ఐపిలీ తరవాత పాస్టరు భార్య వచ్చింది. ఆ తరవాత బడి పిల్లలు, వాళ్ళ వెనక వాళ్ళ తల్లులు. ఇప్పుడిక్కడ పాతిక డేరాలున్నాయి. ఒడ్డున బురదా దోమలూ, ఇక్కడ హాయిగా ఉంది. రేడియోలో బింగో ఆడుతున్నాం. ఓడవాళ్ళు కూడా ఆ రేడియో వింటారు కదా, నిన్న వంటవాడెవడో గెలిచానని అరిచాడు. బహుమతి ఒక సీల్. వచ్చి పట్టుకెళ్ళమన్నాం.

వచ్చింది వంటవాడు కాదు, కెప్టెనే. నోస్‌వర్తీ అట పేరు, న్యూఫౌండ్‌లాండ్ మనిషి. మంచు అంచున ఓడ ఆపుకుని ఇద్దరు నావికులతో నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో మీ పటం. ఒకసారి పటం చూస్తాడు, ఒకసారి కింద తన బూట్లు చూసుకుంటాడు. "అమ్మా, ఈ కాగితం ప్రకారం నేను మునిగిపోయి ఉండాలి" అన్నాడు. టీ ఇచ్చాను. "పక్కకి జరుగుతారా?" అని అడిగాడు. ముక్కు ముడిచాను. అది మన దగ్గర కుదరదని చెప్పడమని ఆయనకేం తెలుసు, జలుబు చేసిందనుకుని రుమాలు ఇచ్చాడు. పిల్లలు పొట్ట పట్టుకుని దొర్లారు.

చెడ్డవాడు కాదు. "మీ మీదికి ఓడ నడపను. కానీ పై నుంచి రోజూ నన్ను తిడుతున్నారు. నాకు ఆగమని చెప్పే పటం ఒకటి ఇప్పించండి, దాన్ని చూపించి ఆగుతాను" అన్నాడు.

ఇక అసలు సంగతి. రేడియోలో చెప్పలేక దీనికోసమే ఈ కాగితం పట్టుకున్నాను. తిమింగలాలు వచ్చాయి. చాలా ఆలస్యంగా, ఇప్పుడే వచ్చాయి. జోనాసీ వాళ్ళు కోస్తున్నారు, ఆరబెడుతున్నారు. ఇంకో రెండు వారాలు కావాలన్నాడు. అటు నీళ్ళు చూస్తే రోజు రోజుకీ వేడెక్కుతున్నాయి. ఇంత వేడి నేనెన్నడూ రాయలేదు. మంచు కిందినుంచి తినేస్తోంది. మొన్న నా తొడల దాకా ఉంది. మధ్యలో, కింద ప్రవాహం పారే చోట, మోకాలికి కాస్త పైన. రెండు వారాలాగితే మోకాలి కిందికి పోతుంది, ఓడ దర్జాగా లోపలికొస్తుంది.

అందుకని నాన్నా, పటం మార్చేటప్పుడు నడుము మందమని పెట్టు. నెలాఖరు దాకా అలాగే ఉంచు. నేనూ తలుపు మీద అదే రాస్తాను. కంపెనీ కోసం లేని నీళ్ళు గీశావు కదా, మన కోసం లేని మంచు గీయలేవా? వాళ్ళు మనకి చేసిన మోసాల్లో ఇది ఎన్నో వంతు? నాకేం సిగ్గు లేదు. అవతల ఉన్నది నా కొడుకు, వాడి చేతిలో ఉన్నది ఊరి చలికాలం తిండి.

ఎదురుచూస్తూ,
నీ కూతురు


మాంట్రియల్
జులై రెండోవారం

కూతురా,

పటం మార్చాను.

గాన్యో భోజనానికి వెళ్ళినప్పుడు అఖాతమంతా తెల్లగా గీసి, మధ్యలో నీ కొలతలు ఉన్నవి ఉన్నట్టు రాసి, ఓడకీ కంపెనీకీ, ఓడలకి అనుమతులిచ్చే అధికారులకీ ఒకేసారి పంపించాను. కింద నా పేరు పెట్టాను. పంపాక నా రొట్టె నేను తీసుకుని తిన్నాను. ముక్క మిగల్చకుండా తిన్నాను.

గాన్యో వచ్చి అరిచాడు. "ఎవరినడిగి మార్చావు?"

"మా అమ్మాయినడిగి."

"నీకు అమ్మాయెక్కడుంది?"

"సముద్రం మీద ఉంది. మీరు నీలం వేసిన చోట డేరా వేసుకుని టీ కాచుకుంటోంది."

రాజీనామా రాసిమ్మన్నాడు. నేను తప్పు చేసింది తుడిచిన రోజున, దిద్దిన రోజున కాదు అన్నాను. "కావాలంటే మీరే తీసెయ్యండి, కారణం కూడా మీ చేత్తోనే రాయండి" అన్నాను. తీసేశాడు. కారణం రాయడానికి మాత్రం చాలాసేపు పట్టింది పాపం.

ఓడ ఆగింది కదా? ఆగే ఉంటుంది. అధికారులు నాకు ఫోన్ చేశారు. మంచు మీద మనుషులున్నారని తెలిసి వాళ్ళకి చెమటలు పట్టాయి. ఇక మీదట ఆ అఖాతానికి ఉపగ్రహం బొమ్మ చాలదట, ఇక్పిక్ కొలత కూడా కావాలట. అంటే ఇప్పుడు నువ్వు ఏం చెబితే అదే పటం. నేను నీకు అబద్ధం గీసిపెట్టే అవసరం కూడా లేదు, కావాలంటే నువ్వే చెప్పేయవచ్చు.

చెప్పకు.

కంపెనీ కోసం లేని నీళ్ళు గీశాను, నిజమే. అది తెలిసి చేసిన తప్పే. దాన్ని చూపించి ఇంకోటి చేయమంటావా? నీ మాట చదివి ఒళ్ళు మండింది. నడుము మందమని ఆ తలుపు మీద రాస్తావా? ఆ తలుపు చూసి బండి తీసేవాళ్ళెవరు, గాన్యోనా, కంపెనీ వాళ్ళా? మనవాళ్ళు. నీ మాట రేడియోలో విని అందరికన్నా ముందు నమ్మేది ఎవరు? జోనాసీ. "అమ్మ నడుము అంది, ఇంకేం" అనుకుని, పెళ్ళాం పిల్లల్నీ మాంసం మూటల్నీ ఎక్కించుకుని, మధ్యలో ప్రవాహం మీదికి తీసుకొస్తాడు. అక్కడ ఏముంటుందో నీకు తెలుసు. నాకన్నా బాగా తెలుసు.

నన్ను నాన్నా అని పిలుస్తావు కదా. ఇన్నేళ్ళలో నీకు ఒక్క పనీ చెప్పలేదు, ఇదొక్కటి చెబుతున్నాను. బరమా తీసుకుని వెళ్ళు. మధ్యలో కన్నం పెట్టు. ఎంతుంటే అంత, ఓడ వింటున్నా సరే, ఊరంతా వినేలా రేడియోలో చెప్పు. మోకాలి కింద ఉంటే మోకాలి కింద అనే చెప్పు. మాంసం పోతే పోయింది, వాళ్ళని ఇప్పుడే రమ్మను. ఆ ఓడ ఒక ఏటితో పోదు. ఏటేటా వస్తుంది. ఏటేటా దాన్ని ఆపడానికి మనకున్నది నీ మాట ఒక్కటే. దాన్ని రెండు వారాలకి ఖర్చు పెట్టేయకు.

ఇక్కడ ఇల్లు ఖాళీ చేస్తున్నాను. నా గురించి ఆలోచించకు.

మీ నాన్న,
టాకోలిక్


ఇక్పిక్
జులై చివర

నాన్నా,

ఉద్యోగం పోయిందని రాశావు. నేను ఏడవను. సోమవారం విమానంలో నీకు తిమింగలం తోలూ, ఎండుచేపా పంపించాను. తండ్రి పస్తుంటే కూతురికి అప్రతిష్ఠ. పక్క టేబుల్ పిల్లకి కూడా ఒక ముక్క పెట్టు, తింటే నీతో మామూలుగా మాట్లాడుతుంది.

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టని తిట్టు లేదు. ఎవరనుకుంటోంది తను, పొట్టి గౌను వేసుకుని నా ఒళ్ళో చేపముళ్ళు తీయించుకున్న పిల్ల నాకు బుద్ధులు చెబుతోంది అనుకున్నాను. ఐపిలీ గోడ అవతల నుంచి "ఎవర్నే?" అన్నాడు. "మా నాన్నని" అన్నాను. "పెద్దవాళ్ళని అలా అనకూడదు" అన్నాడు. డేరాకి గోడ ఉండదనుకో, గుడ్డ అవతల నుంచి అన్నాడు.

మధ్యాహ్నం బరమా తీసుకున్నాను. కెప్టెన్‌కి కబురంపాను, వచ్చి కళ్ళారా చూడమని. అందరూ చుట్టూ నిలబడ్డారు. ప్రవాహం దగ్గర కన్నం పెట్టాను. బరమా ఇలా తిప్పగానే అలా దిగిపోయింది. కర్ర దించి, కొక్కెం తగిలించి, పైకి తీసి, నా కాలి పక్కన నిలబెట్టాను. మోకాలి కింద. జానెడు కింద.

కెప్టెన్ చూశాడు. పాస్టరు భార్య నా చెయ్యి పట్టుకుని "నివియాక్, ఇంకో చోట కొలువు" అంది మెల్లిగా. ఇంకో చోట కొలిస్తే మోకాలి పైన వస్తుంది, నాకూ తెలుసు. రేడియో తీసుకున్నాను. "మధ్యలో మోకాలి కింద జానెడు. నీళ్ళు ఇంకా వేడెక్కుతున్నాయి. జోనాసీ, ఉన్నపళంగా బయల్దేరండి. మాంసం వదిలెయ్యండి, పిల్లల్ని ఎక్కించండి. గట్టి మంచు మీద నేను ఎర్ర జెండాలు పాతిన దారినే రండి" అన్నాను. ఐపిలీ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "ఓడకి తాళం చెవి నీ చేత్తోనే ఇచ్చేశావు కదే పిచ్చిదానా!" అన్నాడు. నేను కర్ర తుడిచి బండి మీద పెట్టాను.

ఒప్పందం ప్రకారం ఆ క్షణం నుంచి ఓడ రావచ్చు. కంపెనీ వాళ్ళు ఎక్కడో దక్షిణాన కూర్చుని అంతా విన్నారు. వెంటనే రేడియోలో కెప్టెన్‌కి చెప్పారు, "ఆవిడే ఒప్పుకుంది, ఇక కదలండి" అని. ఊరంతా వింటోంది. నోస్‌వర్తీ నా డేరా ముందే నిలబడి, చేతిలో రేడియోలోకి, "తనకి నష్టమైన కొలత చెప్పిన మనిషిని నేను నమ్ముతాను. ఆవిడ కొడుకు ఒడ్డుకి చేరాక, దారి ఖాళీ అని ఆవిడ చెబితేనే ఇంజను తిప్పుతాను. మీకు తొందరగా ఉంటే మీరే వచ్చి నడుపుకోండి" అన్నాడు. అవతల గొంతు ఏదో అరుస్తుంటే బటన్ నొక్కి ఆపేశాడు.

వాళ్ళు వచ్చారు. అందరూ వచ్చారు. ప్రవాహం దగ్గర అప్పటికే పగులు విచ్చుకుంది. పొడుగు బండి ఒకటి అడ్డంగా వేసి వంతెన చేశాం. పిల్లల్ని చేతుల మీదుగా అందించాం. జోనాసీ చిన్నది నా మెడ కరుచుకుని వదల్లేదు. చివరి బండి సగం మునిగింది, కుక్కల్ని కోసి వదిలి, బండిని వదిలేశాం... కంగారుపడకు, కోసింది తాళ్ళని. కుక్కలన్నీ బతికాయి. జోనాసీ నడుము దాకా తడిసి, పళ్ళు కొట్టుకుంటూ, "అమ్మా, సగానికి పైగా మాంసం అక్కడే ఉంది. ఎలుగుబంట్లకి పండగ" అన్నాడు. "ఎలుగుబంట్లకి పండగైతే నాకు తద్దినం తప్పింది" అన్నాను. ఏడ్చాను కూడా, అందరి ముందూ, నాకేం సిగ్గు.

చలికాలం గడ్డుగానే ఉంటుంది. పంచుకుంటాం. సెప్టెంబరులో ఊరి హాల్లో విచారణ పెడుతున్నారు. ఒప్పందంలో పటం అని ఉన్నచోట ఇక్పిక్ కొలత అని రాయించాలని మేం, కూడదని కంపెనీ. వాళ్ళు లాయర్లని తెస్తారట. మేం నిన్ను తెస్తున్నాం. ఆ నీలం రంగు ఎలా పుట్టిందో వచ్చి చెప్పు. భయపడితే అత్తయ్యా అని పిలు, పరవాలేదు, కానీ చెప్పు.

మర్నాడు డేరాలు పీకేశాం. నాది ఆఖరిది. అందరం ఒడ్డుకి చేరాక ఇంటికొచ్చి, బూట్లు విప్పి, టీ పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ఓడ హారన్ కొట్టింది, దారి ఖాళీయేనా అని. ఊరంతా నా కిటికీ దగ్గర మూగింది. రేడియోలో కంపెనీవాడు "ఏమిటి ఆలస్యం? ఆవిడ చెప్పిందా లేదా?" అంటున్నాడు. "ఆవిడ టీ తాగుతోంది" అన్నాడు నోస్‌వర్తీ. కొత్త చక్కెర పొట్లం విప్పాను. రెండో కప్పు పోసుకున్నాను. వేడిగా ఉంది, ఊదుకుని ఊదుకుని తాగాను. కప్పు కడిగి బోర్లించాను. తరవాత బూట్లు తొడుక్కుని ఒడ్డుకి నడిచి, చెయ్యెత్తి ఊపాను. అప్పుడు కదిలింది ఓడ.

నీ కూతురు,
నివియాక్